నాలుగో జ్వరం

పోయిన వారం మనం వెంకటమునిని నడివీధిలో నిలబెట్టి వచ్చాం. భుజం మీది తువ్వాలు జారి కింద పడినా చూసుకోకుండా, రోజా వాళ్ల గేటు వైపు చెయ్యి చాచి ఆయన అన్న మాట వీధి వీధంతా విన్నది.

"పోయిన పంట నాశనమయ్యి పాయ. ఈ పంటకు గానీ ఏమన్నా అయ్యిందంటే నీ మిషన్లు ఈడ ఉండవు. సెప్తాండా, అంతే!"

పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో, ఇళ్లు అయిపోయి చేలు మొదలయ్యే చోటి వీధి అది. ఒకే గోడకు ఈ పక్క రోజా వెల్డింగు షెడ్డు, ఆ పక్క వెంకటముని పట్టుపురుగుల షెడ్డు. రోజాతో ఆ ఇంట్లో ఉండేది అత్త బయ్యమ్మ ఒక్కతే. ఇద్దరికీ నడుమ ఉండవలసిన మనిషి, బయ్యమ్మ కొడుకు ప్రతాప్. మదనపల్లె మార్కెట్టులో టమోటా లోడు ఎత్తుకుని, "పొద్దున్నే వచ్చేస్తా మా" అని ఫోనులో చెప్పి లారీ ఎక్కినవాడు మళ్లీ ఇల్లు చేరలేదు. ఆ తరువాత రోజా, కుప్పంలో చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని నేర్చుకున్న పనిని ఈ పెరట్లో పెట్టుకుంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మేకలకు కంచెలు. పని బాగుంటుంది. మోత కూడా బాగానే ఉంటుంది.

కుప్పంలో నాయన షాపు ఆయన పోయినప్పటి నుంచి మూతపడి ఉంది. "రోడ్డు మీద ఉండాది, సుట్టూ ఒక్క ఇల్లు లేదు, రేయింబగలు కొట్టుకో, అడిగేవాడు లేడు, వచ్చెయ్" అని రోజా అన్న చేతన్ ఫోను చేసినప్పుడల్లా అంటాడు. "సూస్తాలే అన్నా" అని రోజా ఫోను పెట్టేస్తుంది. ఈ వీధిలో మిషన్లకు చోటు లేకపోతే ఆ "సూస్తాలే" ఏమవుతుందో బయ్యమ్మకు తెలుసు. అందుకే వెంకటముని అరిచిన ఆ రోజు ఆమెకు వినపడింది మిషన్ల సంగతి కాదు, కోడలి సంగతి.

మర్నాడు రోజా ఆ ఇంటికి పోతుంటే గొడవకే పోతోందని వీధి వాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఆమె వెంకటముని వాకిట్లో చెప్పులు విడిచి, "మామా, మీ పురుగుల్ని ఒకసారి సూపిస్తావా?" అని అడిగింది.

తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉంచి ఆయన, "సూసి ఏం జేస్తావు?" అన్నాడు.

"అవి ఎప్పుడు గమ్మునుంటాయో తెలిస్తే కదా మామా, నేనెప్పుడు గమ్మునుండల్లనో నాకు తెలిసేది!"

వెంకటముని తువ్వాలు భుజానికి సర్దుకున్నాడు. ఆయన భార్య వరలక్ష్మి మాత్రం, "రామ్మా, కాళ్లు కడుక్కో" అని గుమ్మం ముందు బ్లీచింగు నీళ్ల తొట్టి చూపించింది.

లోపల ఇనుప స్టాండ్ల మీద అరలు అరలుగా పరిచిన ఆకు, ఆకు మీద పురుగులు. వరలక్ష్మి చంటిబిడ్డను చూపించినట్టు చూపించింది. "ఇవి నాలుగు తూర్లు జ్వరానికి కూర్చుంటాయి మే. జ్వరమంటే మనకొచ్చేది గాదు, పాత తోలు ఇడిచి కొత్త తోలు తొడుక్కునేది. తల పైకెత్తుకోని అట్లే నిలిచిపోతాయి. తినవు, కదలవు. రెండు జ్వరాలు పిల్ల పురుగుల్ని సాకే చాకీ సెంటర్లోనే దాటినాక మనింటికొస్తాయి. మూడోది ఈడ, నాలుగోది ఈడ. నాలుగోది దాటినాయంటే గూడు కట్టినట్టే. జ్వరంలో ఉన్నప్పుడు తాకినా, అదిరినా, మా మామగారి కాలం నుంచి మేము ఒప్పుకోము."

ఆ సాయంత్రమే రోజా కటింగు మిషనును గోడ దగ్గర నుంచి పెరటి ఆ చివరకు జరిపింది. దాని కాళ్ల కింద ప్రతాప్ లారీ పాత టైర్లు కోసి వేసింది. శెనక్కాయ పొట్టు నింపిన గోతాలు గోడ పొడవునా పేర్చింది. రంగు వాసన తగిలితే పురుగు ఆకు ముట్టదని వరలక్ష్మి అంటే, గేట్లకు రంగు వెయ్యడం కొన్నవాళ్ల ఇళ్ల దగ్గరే పెట్టుకుంది. వరలక్ష్మి ఆకు వేసి తలుపు మూసే వేళ కనిపెట్టి, గ్రైండరు ఆపి, చేత్తో చేసే పని ముందేసుకునేది. అడిగితే సర్దుకునేవాళ్లు లోకంలో ఉన్నారు. అడగకముందే పక్కింటి నిద్ర గురించి ఆలోచించే మనిషిని బయ్యమ్మ తన బతుకులో ఎక్కువసార్లు చూడలేదు. అలాంటి మనుషులే చేజారిపోతారేమో అన్న దిగులు కూడా ఆమెకు అక్కడే పుట్టింది.

మూడో జ్వరం రోజున రోజా అన్నీ ఆపేసింది గాని, టౌను నుంచి ఇనుము తెచ్చిన ఆటోవాడు గేటు ముందు కడ్డీలు దబదబా దొర్లించి పోయాడు. ఆ చప్పుడుకు బయ్యమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూలబడింది. అదృష్టం, పురుగులు బాగానే లేచాయి. నాలుగోదానికి అలాంటి పొరపాటు జరగకూడదని ముసలామె తనకు తోచిన ఉపాయం చేసింది. వరలక్ష్మి పురుగు షెడ్డు గుమ్మానికి, బయటివాళ్లు రాకూడదని, వేపమండ కడుతుంది. దాన్ని చూసి బయ్యమ్మ తమ గేటుకు కూడా ఒక వేపమండ కట్టింది. చూసినవాళ్లకు అర్థమవుతుంది, చప్పుడు చెయ్యరు అనుకుంది.

నిజంగానే ఎవరూ చప్పుడు చెయ్యలేదు. సోమల నుంచి గేటు ఆర్డరివ్వడానికి వచ్చిన లోకేష్ అనే కుర్రాడు వేపమండ చూడగానే చెప్పులు విప్పి, లెంపలు వేసుకుని, బండి స్టార్టు కూడా చెయ్యకుండా తోసుకుంటూ వెనక్కి పోయాడు.

"ఎంత మంచి పిల్లోడు!" అని బయ్యమ్మ మురిసిపోయింది.

కిటికీ గ్రిల్లు కోసం వచ్చిన ఒక తల్లి, చంకలో బిడ్డ మొహాన కొంగు కప్పి, నాలుగిళ్ల అవతల నుంచే తిరుక్కుంది. ఈ కాలంలో కూడా పురుగు మీద ఇంత దయ ఉందే అనుకుంది బయ్యమ్మ.

మర్నాడు పొద్దున చేతన్ వ్యాను హారను కొట్టుకుంటూ వీధిలోకి దూసుకొచ్చింది. వెంకటముని లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చి, బానెట్టుకు అడ్డం నిలబడి రెండు చేతులూ ఊపాడు.

"ఆపప్పా! ఇంజనాపు! నీకు దండం పెడతా!"

అదంతా గుసగుసల్లోనే అరిచాడు. గుసగుసగా అరవడం ఎలాగో తెలియాలంటే ఆ పొద్దు ఆయన్ను చూసి ఉండాలి.

చేతన్ ఇంజను ఆపి, ఒక చేతిలో పెరుగన్నం టిఫిను, ఇంకో చేతిలో పసుపు పొట్లం పట్టుకుని లోపలికి ఉరికాడు. వసారాలో రోజా బోల్టులకు నూనె రాస్తూ కూర్చుని ఉంది. మొహం మీద మసి తప్ప ఇంకేమీ లేదు.

"ఏం మే! నీకు అమ్మవారు పోసిందని సోమలోళ్లు చెప్పినారంట! అమ్మ రేయంతా ఏడస్తానే ఉండాది!"

"మెల్లగా అన్నా!"

"అమ్మవారు లేదా?"

"లేదు."

"మరి గేటుకు ఆ వేపమండ యాల?"

బయ్యమ్మ ముందుకు వచ్చింది. "నేనే కట్టినా నాయనా. పురుగులు జ్వరానికి కూర్చున్యాయని."

చేతన్ టిఫిను కింద పెట్టాడు. "అయితే, అమ్మవారు పోసింది పురుగులకా?"

రోజాకు నవ్వు ఆగలేదు. చున్నీ నోట్లో కుక్కుకుని ఒంగిపోయింది. గోడ దగ్గర నిలబడిన వెంకటముని కూడా మొహం అటు తిప్పుకున్నాడు. చేతన్ కూడా నవ్వబోయాడు. అంతలో రాత్రంతా ఏడ్చిన తల్లి గుర్తొచ్చి ఉంటుంది, మొహం గంటు పెట్టుకుని గట్టిగా ఏదో అనబోయాడు.

"మెల్లగా," అన్నారు ముగ్గురూ.

ఇక ఆ పోట్లాట అంతా గుసగుసలతోనే సాగింది.

"ఊర్లో ఎవడన్నా పురుగుల కోసరం షాపు మూస్తాడా మే?"

"రేపటికి లేస్తాయన్నా."

"ఈ పొద్దు ఈయన పురుగులకు మూస్తావు. రేపు ఎదురింటి పిల్లోడి పరీచ్చలకు మూస్తావు. ఎల్లుండి వాళ్లవ్వ నిద్రకు మూస్తావు. నీ బతుకంతా పక్కింటోళ్ల నిద్రకే సరిపోతాది."

"నా మోతకు వాళ్ల బతుకు సరిపోగూడదు కదన్నా?"

చేతన్ వెంకటముని వైపు తిరిగాడు. "పెద్దాయనా, దేవుని సాచ్చిగా చెప్పు. గ్రైండరు మోతకు పురుగు సస్తాదా?"

బయ్యమ్మకు రెండు జవాబులూ భయమే. అవునంటే చేతన్ మిషన్లు ఇప్పుడే ఎత్తిస్తాడు. కాదంటే, ఊరికే నా చెల్లెలి మీద పడి ఏడ్చే వీధిలో ఆమె ఎందుకుండాలని ఎత్తిస్తాడు.

వెంకటముని గోతాల వైపు చూశాడు.

"తెల్దప్పా," అన్నాడు. "పోయిన తూరి పంట యాల పాయనో నాకు తెల్దు. ఆకు తడిగా ఉన్నిందో, గాలాడలేదో, నా కర్మో. తెలీనప్పుడు మనిషి యాడికి పోతాడు? గోడ అవతలికి పోతాడు. ఈయమ్మ నన్ను రుజువు అడగలే. నీ మాట తప్పు అనలే. ఆపేసింది, అంతే. నేను ఇంత పెద్దోణ్ణి, మా ఇంట్లో కడుపున పుట్టినోళ్లు కూడా నా కోసరం ఒక టీవీ ఆపిండేది సూడలే."

చేతన్ నోరు తెరిచేలోపల గోడ మీదుగా వరలక్ష్మి తల కనపడింది. రెండు చేతులతో ఏదో పడిపోతున్నట్టు చూపిస్తోంది.

నలుగురూ పరుగెత్తారు. బ్లీచింగు తొట్టి దగ్గర మాత్రం, అంత ఆత్రంలోనూ, రోజా ఆగి కాళ్లు ముంచింది. ఆమెను చూసి చేతన్ కూడా బూట్లు విప్పి ముంచాడు.

మొదటి స్టాండు ఒక పక్కకు ఒరిగి ఉంది. ఏటా షెడ్డు కడిగే బ్లీచింగు నీళ్లకు దాని కాలు అడుగున చిలుముపట్టి, పొరలు పొరలుగా లేచిపోయింది. అరల నిండా పురుగులు, ఒంటి మీద సన్నగా చల్లిన సున్నంతో, తలలు పైకెత్తి కదలకుండా ఉన్నాయి. వేలకు వేల ప్రాణాలు ఒకే ఊపిరి బిగించి కూర్చున్నట్టు ఉంది. చేతన్ జన్మలో మొదటిసారి చూస్తున్నాడు.

రోజా ఒరిగిన వైపు భుజం ఆనించింది. "అన్నా, నువ్వూ పట్టు."

"వెల్డింగు పెడదామా?" అని వెంకటముని పెదవులు మాత్రం కదిపి అడిగాడు. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది!

"పొగ, నిప్పురవ్వలు, ఇంత దగ్గరగానా మామా? వొద్దు." భుజం తియ్యకుండానే ఆమె చూపు గుమ్మం బయటికి, వ్యాను దాకా పోయింది. "అన్నా, జాకీ ఉండాదా?"

ఆమె చోట వెంకటముని భుజం పెట్టాడు. రోజా వ్యాను లోంచి జాకీ తెచ్చి, పలక రాయి మీద నిలిపి, అర కింద చేర్చింది. చేతన్ నేల మీద బోర్లా పడుకుని పిడి తిప్పాడు. కీచుమంది. వెంటనే వరలక్ష్మి వంటింట్లోంచి శెనక్కాయ నూనె తెచ్చి మర మీద పోసింది. తరువాత అది పలకలేదు. స్టాండు కొంచెం కొంచెంగా, నిద్రపోతున్న బిడ్డ తల కిందికి దిండు జరిపినంత మెల్లగా లేచింది. ఒక్క పురుగు తల దించలేదు.

తిప్పడం అయిపోయినా చేతన్ లేవలేదు. మొహానికి జానెడు దూరంలో ఉన్న అరను చూస్తూ అట్లే పడుకున్నాడు.

"కదలవేం మే ఇవి!" అన్నాడు చివరికి, పసివాడిలాగా.

రోజా మిగతా స్టాండ్ల కాళ్లను ఒక్కొక్కటిగా గోటితో గీకి చూసింది. ప్రతి చోటా గోటి కింద ఇనుము పొట్టులాగా రాలింది. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"అన్నీ ఇంతే మామా. జ్వరం లేచినాక పురుగు బరువెక్కుతాదా?"

"తిన్నకొద్దీ ఎక్కుతాది. కడా దినాలకు అరలు వొంగిపోతాయి."

"అంతలోపల అన్నీ మార్చల్ల. ఈ పొద్దే మొదలుపెట్టల్ల."

వెంకటముని తల దించుకున్నాడు. "ఈన్నే చేసుకోమ్మా. మోత అయితే కానీలే."

"మోత ఒకటే గాదు. ఇన్ని స్టాండ్లంటే రేయింబగలు కటింగు, పొగ, రంగు వాసన. గోడ అవతల ఇవి కొత్త తోలుతో మొదటి ఆకు తినేదీ రేపే. కుప్పంలో నాయన షాపు తెరిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆడ చేసి, ఊరికే బోల్టులు బిగించేటట్ల తెస్తా. ఈడ స్పానరు తప్ప ఇంకేమీ తిరగదు."

చేతన్ మొహం వెలిగింది. బయ్యమ్మ ఆ వెలుగు చూసింది. ఇన్ని నెలలుగా ఫోనులో బతిమాలినా జరగనిది, పురుగుల మీది దయ వల్ల జరిగిపోతోంది. తప్పు పట్టడానికి లేదు. పోవద్దనడానికి నోరు రాదు. పోవద్దంటే వెంకటముని పంట పోతుంది, ఆ పంటతో పాటు ఈ వీధిలో మిషన్ల చోటూ పోతుంది. పొమ్మంటేనో?

కుప్పం షాపులో ఒక్క పనిముట్టు లేదు. వెల్డింగు మిషను, కటింగు మిషను, గ్రైండరు, అన్నీ ఎక్కాలి. ఇనుము ఇనుముకు తగిలి మోగకుండా బయ్యమ్మే లోపలికి పోయి తన బొంత తెచ్చి ఇచ్చింది. రోజా ఒక్కొక్క మిషనునూ బొంతలో చుట్టి, దుప్పట్లో చుట్టి ఎక్కించింది. షెడ్డు ఖాళీ అయ్యే కొద్దీ పెరడు పెద్దదవుతున్నట్టు అనిపించింది ముసలామెకు.

"జాకీ లేకుండా కుప్పం దాకా పోవల్లనా?" అని చేతన్ గొణిగాడు. "పలమనేరు కాడ పంచరయితే?"

"తోసుకుందాం లే," అంది రోజా.

"ఎప్పటికి వస్తావు మే?" బయ్యమ్మ మామూలుగా అడగాలనుకుంది.

"పురుగు బరువెక్కేలోపల స్టాండ్లు ఈడుంటాయత్తా."

స్టాండ్లు ఉంటాయంది. ముసలామె మనసు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పొద్దున్నే వస్తానని చెప్పి పోయినవాడిని చూసిన తల్లి కాబట్టి, వస్తానన్న మాట మీద ఆమెకు నమ్మకం లేదు. ఆ మాట లేకుండా పోయేవాళ్లను చూస్తే ఇంకా భయం.

చేతన్ తాళం తిప్పబోయాడు. వెంకటముని కిటికీ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "మలుపు దాకా తోసుకుపోదామప్పా. ఇంజను ఆడ పెట్టు."

పొద్దున ఇదే మాట చెప్పి ఉంటే చేతన్ కసిరేవాడు. ఇప్పుడు కిందికి దిగి, తలుపు తెరిచి పట్టుకుని ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ తొయ్యడం మొదలుపెట్టాడు. రోజాను కూర్చోమన్నాడు వెంకటముని, "నువ్వు దిగొద్దమ్మా, భుజం నొప్పిగా ఉంటాది" అని. వరలక్ష్మి వచ్చింది. ఎదురింటి వాళ్లు వచ్చారు. ఎవరూ మాట్లాడలేదు. బరువెక్కిన వ్యాను మట్టిలో ముందుకు రానంది.

బయ్యమ్మ తమ గేటు దగ్గరే నిలబడి చూస్తోంది. ఇంకొక్క చెయ్యి పడితే కదులుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు గాని, ఆమెను పిలవడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆమె తనంతట తానే వచ్చింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, బొంతలో చుట్టిన మిషను పక్కన, వ్యాను వెనక రేకు మీద రెండు అరచేతులూ ఆనించింది. తోసింది. చక్రాలు కదిలాయి.

ప్రతాప్ లారీ వెళ్లిన రోజు ఆమె చేతిలో ఏమీ లేదు. ఈ రోజు బండి తన చేతులతోనే పోతోంది. అయినా ఆమె చేతులు వెనక్కి తియ్యలేదు. పురుగుల షెడ్డు గోడ దాటే దాకా మరీ మెల్లగా, అడుగు తీసి అడుగు వేస్తూ తోసింది.

మలుపు తిరిగాక చేతన్ ఎక్కి తాళం తిప్పాడు. పొద్దున్నుంచి నోరు మూసుకుని ఉన్న ఆ వీధి చివర ఇంజను ఒక్కసారిగా గర్జించింది. రోజా కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక్కి తిరిగి ఏదో చెప్పింది. బయ్యమ్మ వ్యాను వెనక పొగలో ఉంది. పెదవులు కదలడమే కనపడింది. వెంకటముని కిటికీ పక్కనే ఉన్నాడు.

వ్యాను రోడ్డెక్కింది. చూస్తుండగానే చిన్నదైంది.

"ఏమనిందప్పా?" అంది బయ్యమ్మ.

వెంకటముని రోడ్డు వైపే చూస్తున్నాడు.

"వెంకటమునీ, నిన్నే. నా కోడలు ఏమనింది?" ఈసారి గట్టిగానే అడిగింది. పురుగులకు దూరంగానే ఉన్నారు, ఎంత అరిచినా ఫర్వాలేదు.

ఆయన చేత్తో మొహం తుడుచుకున్నాడు. తక్కినవాళ్లు దగ్గరికి రాకుండా ఒకసారి వెనక్కి చూశాడు.

"ఇంటికి పదక్కా," అన్నాడు మెల్లగా. "నడిరోడ్డులో చెప్పే మాట గాదు."